ఎవురు చేసినారు ఫోను

జీపు వచ్చి పోయిన మరునాడు గొట్టిగానపల్లిలో ఏ ఇద్దరు ఎదురుపడినా ఒకటే మాట. "ఎవురు చేసినారప్పా ఫోను?"

టీ అంగడి బెంచీ మీద అదే మాట. బాగలూరు పక్క రోజా తోటలకు కూలికి పోయే ఆడవాళ్ళు వ్యాను ఎక్కుతూ కూడా అదే మాట. పాల డైరీ ముందు వరసలో నిలబడ్డ మునిలక్ష్మమ్మ చెవిలో పొద్దున్నుంచి ఆ మాట ఎన్నిసార్లు పడిందో లెక్కలేదు. మామూలుగా ఒంటిచేత్తో ఊపుకుంటూ తెచ్చే పాలక్యానును ఆవేళ రెండు చేతులా పట్టుకుంది. అయినా మూత గలగలమంటూనే ఉంది.

"ఏమక్కా, చేతులు వణకతా ఉండాయి?" వెనకనుంచి దుర్గాదేవి అడిగింది. ఆమెది పక్క వీధి.

"నిద్ర లేదమ్మా."

"యాడుంటుంది నిద్ర! మీ ఇంట్లో జరిగిందే ఇంగో ఇంట్లో జరిగుంటే తలెత్తుకోలేక ఊరు ఇడిచి పోయుందురు. ఆ ఫోను చేసినోళ్ళ చేతులు పడిపోను."

వరస కదిలితే మునిలక్ష్మమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

ఫోను చేసింది ఆమే.

మునిలక్ష్మమ్మకు యాభై దాటింది. మొగుడు పోయి పదకొండేళ్ళు. బిడ్డలు లేరు. మరిది కేశవప్ప ఇంట్లోనే ముందు గదిలో ఉంటూ రెండావులు మేపుకుంటుంది. కేశవప్పకు ఎకరన్నర టమాటా తోట ఉంది, హోసూరు దగ్గర ఒక కంపెనీ గేటు కాడ కాపలా పని కూడా ఉంది. అతని భార్య రేణు. వాళ్ళకు ఒకటే కూతురు, నేత్ర. కాన్పు తర్వాత రేణు ఆరు నెలలు మంచం దిగలేదు. అప్పుడు ఆవుపాలు కాచి, ఉగ్గు పెట్టి, నేత్రను చంకన వేసుకుని పెంచింది మునిలక్ష్మమ్మే. నేత్రకు మాటలు వచ్చినప్పుడు మొదట పలికింది 'అమ్మా' కాదు, 'పెద్దమ్మా' అని ఊర్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

పదో తరగతి పరీక్షలు అయిపోయిన వారానికి నేత్ర ఫోటో ఒకటి ఊరి వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. బాగలూరు బస్‌స్టాండులో, వేరే కులం పిల్లవాడి పక్కన కూర్చుని ఉంది. ఇద్దరికీ మధ్యన ఒక ఫోను, దానికి రెండు తీగలు. ఒకటి అతని చెవిలో, ఒకటి ఆమె చెవిలో. నేత్ర నవ్వుతోంది. అంతకుమించి ఆ ఫోటోలో ఏమీ లేదు. కానీ ఆ నవ్వు ఇంటింటికీ తిరిగింది. సాయంత్రానికి అది నవ్వు కాకుండా పోయింది. 'కేశవప్ప కూతురు చెయ్యి దాటింది' అన్నారు. తాగొచ్చి పెళ్ళాన్ని వీధిలోకి ఈడ్చి కొట్టేవాడిని ఏనాడూ పిలిచి అడగని ఊరు, కేశవప్పను మాత్రం మూడు రోజుల్లో నాలుగుసార్లు అడిగింది, "ఏమప్పా, ఏం చేద్దామని ఉండావు?" అని.

ఏం చేద్దామనేది రేణు తేల్చింది. ఆమె తమ్ముడు అనంతకుమార్‌కు ఇరవై ఎనిమిదేళ్ళు. హోసూరులో లేతు మిషను మీద పని. తాగుడు లేదు, తగువు లేదు. 'మేనమామే కదా, కడుపులో పెట్టుకుని చూసుకుంటాడు' అంది. మునిలక్ష్మమ్మకు అదే చిక్కయింది. చెడ్డవాడైతే కాదనడానికి ఒక మాట దొరికేది.

అయినా ఒకసారి అడిగి చూసింది. కేశవప్ప అన్నం తింటున్నాడు. "పిల్లకు పదహారు కూడా నిండలేదు కదా కేశవా. రెండేండ్లు ఆగితే ఏం పోతుంది?"

కేశవప్ప ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగాడు. కోపంగా కాదు, అలసటగా అన్నాడు. "నీకూ ఒక బిడ్డ ఉండుంటే తెలుస్తుండె వదినా, ఈ మంట ఏందో."

ఆమె లేచి వెళ్ళి ఆవులకు నీళ్ళు పెట్టింది. పెట్టిన నీళ్ళే మళ్ళీ పెట్టింది.

పెండ్లికి వారం ఉందనగా రేణు ఇల్లు సర్దుతూ నేత్ర పుస్తకాలన్నీ మూటగట్టి, పాత కాగితాల వాడికి వేద్దామని కొట్టం పక్కన పెట్టింది. మధ్యాహ్నం పాలు పిండడానికి పోయిన మునిలక్ష్మమ్మకు మూట మీద ఒక పుస్తకం అట్ట కనిపించింది. దాని వెనక ఒక పాప బొమ్మ, ఫోను బొమ్మ, నాలుగంకెలు. పిల్లలకు కష్టమొచ్చినా, చిన్నవయసులో పెండ్లి చేస్తున్నా ఆ అంకెలకు ఫోను చేయాలని ఒకనాడు నేత్రే చెప్పింది, ఇస్కూలుకు ఎవరో వచ్చి వివరించి పోయినారని. మునిలక్ష్మమ్మకు అక్షరాలు రావు. అంకెలు వస్తాయి. బస్సు నంబరు చూసి ఎక్కే మనిషి.

తన బొత్తాల ఫోను రొండినుంచి తీసి నొక్కింది. అవతల ఒక ఆడగొంతు తమిళంలో "చెప్పండమ్మా" అంది. ఊరి పేరు చెప్పింది. పిల్ల పేరు, లగ్నం ఏ దినమో, వరుడు ఏమవుతాడో చెప్పింది. మీ పేరు చెప్పడం ఇష్టం లేకపోతే అక్కరలేదమ్మా అంది ఆ గొంతు. చెప్పలేదు. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. తర్వాత పాలు పిండబోతే ఆవు కాలు జాడించింది. ఆమె చేతులు అంత చల్లగా ఉన్నాయి.

ఎవరో వస్తారు, కేశవప్పకు నాలుగు మాటలు చెప్పి బెదిరించి పోతారు, పెండ్లి ఆగుతుంది. అంతవరకే ఆమె అనుకున్నది.

పందిరి వేసి, మామిడాకులు కట్టే వేళకు జీపు వచ్చింది. ఫైలు పట్టుకున్న ఒక ఆడ ఆఫీసరు, ఇద్దరు పోలీసులు. ఆఫీసరమ్మ గట్టిగా మాట్లాడలేదు. నేత్ర పుట్టిన తేదీ కాగితం అడిగింది, చూసింది, కేశవప్ప చేత సంతకాలు పెట్టించింది. అనంతకుమార్ పందిరి గుంజ పట్టుకుని తలవంచుకుని నిలబడ్డాడు. ఇక పోతారనుకుంటుండగా ఆఫీసరమ్మ నేత్రను జీపెక్కమంది. కృష్ణగిరిలో పిల్లల కమిటీ ముందు పెట్టాలి, అంతవరకూ సర్కారు హోములో ఉంటుంది అంది. జీపులోంచి నేత్ర తల బయటికి పెట్టి "పెద్దమ్మా" అని అరిచింది. అమ్మను కాదు, నాయనను కాదు.

ఆ అరుపు మునిలక్ష్మమ్మ లెక్కలో లేదు.

ఆదివారం పొద్దున మారెమ్మ గుడి ముందు ఊరు కూడింది. సిమెంటు అరుగు మీద శ్రీరామప్ప కూర్చున్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి. ఊరు గొర్రెల మందలు తోలుకుని తిరిగిన కాలంనుంచీ ఆ ఇంటి మాటే ఊరి మాట. ఆయన ఏనాడూ గొంతు పెంచడు.

"పెండ్లి ఆగింది, సరే. పోలీసులు మన ఊర్లోకి వచ్చినారు, అదీ సరే. మన ఊరి సంగతిని ఊరు దాటించింది ఎవురు? ఇయ్యాల కేశవప్ప ఇల్లు. రేపు నా ఇల్లు. మనం ఇంట్లో కూర్చుని ఆడుకునే మాట కిష్ణగిరికి పోతుందంటే ఇంగ మనిషిని మనిషి నమ్మేదెట్ల?"

ఆ మాట మునిలక్ష్మమ్మకు న్యాయంగానే తోచింది. తోచినందుకే భయమేసింది.

జనం కళ్ళు మెల్లగా ఒక పక్కకు తిరిగాయి. అక్కడ, అందరికీ ఎడంగా, అరుగు చివర ఆంజప్ప గొంతుక్కూర్చుని ఉన్నాడు. అర్జీల ఆంజప్ప. బర్గూరులో గ్రానైటు కోసే మిషనులో ఎడమచేతి వేళ్ళు మూడు పోగొట్టుకుని ఊరికి తిరిగొచ్చినప్పటినుంచి అర్జీలు రాయడమే ఆయన పని. రోడ్డు గుంతల మీద రాశాడు. వెలగని వీధి దీపం మీద రాశాడు. రేషను తూకం మీద రాశాడు. ఒక ఏడు మారెమ్మ జాతర మైకు మీద కూడా రాశాడు. పోలీసులొచ్చి మైకు తీయించారు. రోడ్డు పడినందుకు ఆయన పేరు ఎవరూ తలుచుకోరు గానీ ఆ మైకు సంగతి పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. పెండ్లికి పిలిస్తే రాడు, చావుకు వచ్చినా ఐదు నిమిషాలు ఉండడు. ఒక ఆవు, ఒక గది, ఒక ఇనుప పెట్టె నిండా కాగితాలు.

"ఆంజప్పా, నువ్వేనా?"

"నేను కాదు."

"ఇంగెవురు? కిష్ణగిరికి రాసేది ఊర్లో నువ్వొక్కడివే కదప్పా."

"రాస్తాను. కింద సంతకం పెడతాను. పేరు, ఊరు, ఫోను నంబరు అన్నీ పెడతాను. దొంగచాటు పని నాకెందుకు?" ఆంజప్ప లేచి నిలబడ్డాడు. "అయినా పిల్ల పెండ్లి ఇంటి సంగతి. మా అమ్మకు పదమూడేండ్లకే అయింది. ఎవురు ఎవురిని ఎప్పుడు చేసుకుంటే నాకేంది? నాకు రోడ్డు కావాల, లైటు కావాల. అంతే."

ఆ ఊర్లో ఆ పెండ్లిని తప్పు పట్టనివాళ్ళలో ఆంజప్ప కూడా ఒకడని ఆ క్షణాన తెలిసింది మునిలక్ష్మమ్మకు. జనానికి అది వినిపించనే లేదు. "ఎట్ల తప్పించుకుంటా ఉండాడో చూడు" అన్నాడొకడు. కేశవప్ప ఒక్క ఉదుటున పోయి ఆంజప్ప చొక్కా పట్టుకున్నాడు. నలుగురు లాగితే వదిలాడు. వదిలాక చేతులతో మొహం కప్పుకున్నాడు.

ఇప్పుడు చెప్పాలి అనుకుంది మునిలక్ష్మమ్మ. లేవబోయింది కూడా. పక్కనే ఉన్న రేణు ఆమె కొంగు పట్టి లాగింది. "నువ్వు కూర్చో అక్కా. నువ్వు కూడా లేచి పోతే నేను ఈడ ఒంటిదాన్ని అయిపోతాను" అని భుజం మీద తల పెట్టి ఏడ్చింది. మునిలక్ష్మమ్మ కూర్చుంది.

శ్రీరామప్ప తీర్పు చెప్పాడు. ఆంజప్పతో ఎవరూ మాట్లాడకూడదు. అతని పాలు డైరీలో పోయించుకోకూడదు. అంగట్లో సరుకు, టీ అంగట్లో గ్లాసు ఇవ్వకూడదు. తప్పు ఒప్పుకుని ఊరి కాళ్ళ మీద పడేవరకు ఇదే కట్టు.

మరునాడు పొద్దున డైరీలో మిషను చూసుకునే ముఖేశ్ తల వంచుకుని "నీ పాలు వద్దన్నారన్నా" అన్నాడు. "ఎవురన్నారో కాగితం మీద రాసియ్యి" అన్నాడు ఆంజప్ప. ముఖేశ్ రాయలేదు. ఆంజప్ప క్యాను తలమీద పెట్టుకుని బాగలూరు దారి పట్టాడు. ఐదు కిలోమీటర్లు. ఆ రోజు, ఆ మరునాడు, ఆ పై వారమంతా అట్లాగే నడిచాడు. ఎవరిదో మేక ఆయన చిక్కుడు పాదులోకి జొరబడి మొత్తం మేసింది. ఎవరిదో అందరికీ తెలుసు. ఎవరూ తోలలేదు.

మునిలక్ష్మమ్మకు ఒకచోట కూర్చుంటే ముళ్ళ మీద కూర్చున్నట్టుండేది. వాకిలి ఊడ్చి, పది నిమిషాలకు మళ్ళీ ఊడ్చేది. కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది, ఒకసారి వేయడమే మరిచేది. పని లేకపోయినా టమాటా తోటదాకా పోయి, ఎందుకు వచ్చిందో తెలియక తిరిగొచ్చేది. తన ఫోనును దాణా మూట అడుగున దాచిపెట్టింది. దాచినందుకు తన మీద తనకే అసహ్యమేసి మళ్ళీ తీసి రొండిన దోపుకుంది.

ఒక పొద్దున నీలగిరి తోపు దగ్గర, ఊరికి కనపడని చోట, ఆంజప్ప కోసం కాచుకుంది.

"ఆంజప్పన్నా, పాలు నాకియ్యి. నా పాలల్లో కలిపి పోస్తాను."

ఆయన క్యాను దించి, మోకాలు పట్టుకుని నిలబడ్డాడు. "ఊరికి తెలిస్తే?"

"తెలియకుండా చేద్దాం."

"తెలియకుండా చేసే పని నాకొద్దు తల్లీ." చెమట తుడుచుకున్నాడు. "నా మోకాలు చూడు, ఎట్ల వాచిపోయిందో. ఎవురో ఫోను చేసినారు. చేసి ఇంట్లో సల్లగా కూర్చుని ఉండారు. వాళ్ళు చేసింది మంచో చెడో నాకు తెలీదు. నడిచేది మాత్రం నేను." ఆమె మొహంలోకి చూశాడు. "నీ ఇంటి పెండ్లి చెడింది. నా మీద నీకెందుకు ఇంత జాలి?"

మునిలక్ష్మమ్మ నోరు తెరిచింది. ఆ నిమిషాన అటుగా ఒక బండి వచ్చింది. ఆమె నోరు మూసుకుని తోపులోకి తప్పుకుంది. తప్పుకున్నాక ఎంతసేపు చెట్టు బెరడు గోళ్ళతో గీకుతూ నిలబడిందో ఆమెకే తెలియదు.

జీపు వచ్చిపోయిన పన్నెండో దినం కేశవప్ప కృష్ణగిరి పోయి నేత్రను తీసుకొచ్చాడు. రేణు కూతురికి తల అంటింది. గట్టిగా రుద్దింది, ఏదో వదిలించాలన్నట్టు. మధ్యాహ్నం నేత్ర కొట్టంలోకి వచ్చి పెద్దమ్మ పక్కన, ఆవులకు మేత వేసే గాటి గట్టు మీద కూర్చుంది.

"అన్నం బాగానే పెట్టినారు పెద్దమ్మా. ఊత్తంగరై పక్కనుంచి అముద అని ఒక పిల్ల ఉండింది. పదమూడేండ్లు. మెళ్ళో తాళి. అమ్మ దగ్గరికి పోనంటుంది, అత్త దగ్గరికే పోతానని ఏడుస్తుంది. అత్త బాగా చూసుకుంటాదంట."

"నువ్వేం చేసినావు?"

"నేను..." నేత్ర ఒక గడ్డిపరక తుంచింది. "జీపులో పోతా ఉంటే నవ్వొచ్చింది. పెండ్లి తప్పింది కదా అని. నవ్వతా నవ్వతా ఏడుపొచ్చింది. ఈడికొచ్చి చూస్తే నా ఫ్రెండ్సు ఎవురూ మాట్లాడరు. వాళ్ళ అమ్మలు వద్దన్నారంట."

మునిలక్ష్మమ్మ ఆ పిల్ల తడి జుట్టు మీద చెయ్యి వేసింది. చెప్పేస్తే పోతుంది అనుకుంది. చెప్పలేదు.

ఈలోగా ఆంజప్ప ఊరుకోలేదు. తనను వెలివేశారని, వేసినవాళ్ళ పేర్లతో సహా రాసి, సంతకం పెట్టి, సోమవారం కృష్ణగిరి పోయి కలెక్టరాఫీసులో ఇచ్చి వచ్చాడు. విచారణకు వస్తామని శ్రీరామప్పకు ఫోను వచ్చింది. దాంతో ఊరు భగ్గుమంది. శుక్రవారం నడిమధ్యాహ్నం మళ్ళీ మారెమ్మ గుడి ముందు కూడారు. ఇంటింటి పెద్దలు వరసగా రావాలి. అరచేతిలో కర్పూరం వెలిగించి, "ఫోను చేసింది నేను కాదు" అని చెప్పి ఆర్పాలి. ఎవరు వెనకాడితే వాళ్ళే దొంగ. అధికారులు వస్తే ఊరంతా ప్రమాణం చేసింది, ఇతనొక్కడే చేయలేదని చెప్పవచ్చు.

శ్రీరామప్పే మొదట ఆర్పాడు. తర్వాత ఒక్కొక్కరు. "కేశవప్ప ఇంటివాళ్ళకు అక్కరలేదు, దెబ్బ తిన్నదే వాళ్ళు" అన్నారెవరో. అందరూ ఔనన్నారు. మునిలక్ష్మమ్మను అడగనే అడగలేదు. గుడి గోడకు ఆనుకుని, కర్పూరం వాసనకు కళ్ళు మండుతూ, ఆమె చూస్తూ నిలబడింది. ఆర్పినవాళ్ళు చేతులు దులుపుకుని తేలిగ్గా పక్కకు పోతున్నారు. నిజం చెప్పేవాళ్ళకు ఎంత సుళువు అనుకుంది.

ఆంజప్ప వంతు వచ్చింది.

"నేను కాదని ఆ పొద్దే చెప్పినాను. నా మాటకు కర్పూరం అక్కరలేదు."

"అంటే ఒప్పుకున్నట్టే" అన్నాడు శ్రీరామప్ప, మెల్లగా. "ఇతని ఇంటికి పోయే నీళ్ళ పైపు తీసేయండప్పా."

ఆ మాట కోసమే ఉన్నట్టు పది మంది కదిలారు. ఒకడి చేతిలో గడ్డపార ఉంది. ఆంజప్ప దారికి అడ్డంగా నిలబడితే తోసేశారు. ఆయన ఆ వాచిన మోకాలి మీదే పడ్డాడు.

"నేను చేసినాను."

ఎవరికీ వినిపించలేదు. మునిలక్ష్మమ్మ గోడ వదిలి ముందుకు వచ్చింది. తన గొంతు తనకే కొత్తగా ఉంది.

"ఆయప్ప కాదు. ఫోను చేసింది నేను."

గడ్డపార ఆగింది. కేశవప్ప తిరిగి చూశాడు. "వదినా, గమ్మునుండు. ఇంటికి పో."

శ్రీరామప్ప నవ్వాడు కూడా. "ఆంజప్ప మీద జాలిపడి నీ తలకెత్తుకుంటావా అమ్మా? నీకు చదువే రాదు కదా."

"అంకెలు వస్తాయి మామా. ఒకటి, సున్న, తొమ్మిది, ఎనిమిది. నేత్ర బుక్కు వెనకాల ఉండినాయి. ఆవుల కొట్టంలో నిలబడి చేసినాను. ఒక ఆడమనిషి మాట్లాడింది. ఊరు చెప్పినాను, పిల్ల పేరు చెప్పినాను, లగ్నం ఎప్పుడో చెప్పినాను. నా పేరు చెప్పలేదు. నేను చేసిన తప్పు అదొక్కటే. దానికి ఈ మనిషి ఇన్ని దినాలు నడిచినాడు."

మొదట కదిలింది రేణు. వచ్చి మునిలక్ష్మమ్మ భుజం మీద పిడికిలితో కొట్టింది, ఒకటి, రెండు. మూడోది కొట్టబోయి ఆమెనే పట్టుకుని "నా బిడ్డను ఎత్తుకున్న చెయ్యి కదా అక్కా ఇది!" అని ఏడ్చింది. కేశవప్ప నేలకేసి చూస్తున్నాడు. నేత్ర ఎక్కడుందో మునిలక్ష్మమ్మకు కనపడలేదు.

పెద్దలు తలలు దగ్గర పెట్టుకున్నారు. ఇప్పుడు ఎవరిని వెలివేయాలి? ఏ ఇంటికి అన్యాయం జరిగిందని ఇంత చేశారో, చేసింది ఆ ఇంటి మనిషే. ఆమెను వేస్తే కేశవప్పను వేయాలి, రేణును వేయాలి. శ్రీరామప్ప గడ్డం గోక్కున్నాడు. ఏమీ తోచలేదని ఆయన మొహమే చెబుతోంది.

దారి చూపించింది దుర్గాదేవి. "ఆ దినమే చూసినాను నేను, డైరీ కాడ. చేతులు ఒకటే వణుకు. కండ్లు కూడా ఒక మాదిరిగా ఉండినాయి. ఈమెకు గాలి సోకింది మామా."

ఊరు ఆ మాటను అందుకుంది. చేతికి అందిన కొమ్మను వరదలో పడ్డవాడు పట్టుకున్నట్టు పట్టుకుంది. "ఔను, నిన్న తోటలో ఒంటిగా తిరగతా ఉండింది." "వాకిలి పదిసార్లు ఊడుస్తుంది." "పాపం, మొగుడు లేడు, బిడ్డలు లేరు. మనసు చెదరక ఏమవుతుంది?" అప్పటిదాకా బిగుసుకుని ఉన్న మొహాలన్నీ మెత్తబడ్డాయి. ఒక ముసలామె దగ్గరికొచ్చి ఆమె బుగ్గ నిమిరింది.

"నాకు ఏ గాలీ సోకలేదు" అంది మునిలక్ష్మమ్మ. "తెలిసే చేసినాను."

"సోకినోళ్ళంతా అట్లే అంటారు బిడ్డా."

"తెలిసే చేసినాను అంటా ఉండాను కదా!" ఆమె అరిచింది. అరిచేకొద్దీ వాళ్ళ కళ్ళల్లో జాలి ఎక్కువైంది. ఆమె చుట్టూ చూసింది. ఆంజప్ప ఒక్కడే జాలిగా చూడడం లేదు. నేల మీద కూర్చుని మోకాలు నిమురుకుంటూ, కోపంగా చూస్తున్నాడు.

కృష్ణగిరి దాటి ఒక గుట్ట మీద గాలి వదిలించే సామి ఉన్నాడంటే కేశవప్ప ఆమెను అక్కడికి తీసుకుపోయాడు. మెడలో తాయెత్తు పడింది. మరో వారం హోసూరులో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆ చిన్న వయసు డాక్టరుకు ఆమె జరిగిందంతా మొదటినుంచి చెప్పింది. అతను విని, కేశవప్ప వైపు చూసి, బీపీ ఎక్కువగా ఉంది అని మాత్రలు రాశాడు. తిరుగు బస్సులో కేశవప్ప కిటికీలోంచి చూస్తూనే అన్నాడు, "పిచ్చి పట్టిందని ఊరనుకుంటే నాకూ మంచిదే వదినా. నువ్వు తెలిసే చేసినావంటే ఇంగ నేను నీతో ఒకే ఇంట్లో ఎట్ల ఉండేది?" ఆమె జవాబు చెప్పబోయింది. అతని కళ్ళు తడిగా ఉండటం చూసి ఊరుకుంది. తాయెత్తు మాత్రం ఆ సాయంత్రమే తీసి ఆవు గాటికి కట్టింది.

ఆంజప్ప పాలు డైరీలో మళ్ళీ తీసుకున్నారు. ఎవరూ క్షమించమనలేదు, ఎవరూ రమ్మని పిలవనూ లేదు. ఒక పొద్దున ముఖేశ్ చెయ్యి చాపి క్యాను అందుకున్నాడు, అంతే. ఆంజప్ప మాత్రం ఊరు తనకు రాతమూలకంగా క్షమాపణ చెప్పాలని ఇంకో అర్జీ పెట్టాడు. టీ అంగట్లో అందరూ దానికి నవ్వుకున్నారు, ఆయన ముందే.

ఆయనే ఒకనాడు కొట్టం దగ్గరికి వచ్చాడు. "తోపు కాడ చెప్పుంటే నా మోకాలు బాగుండేది" అన్నాడు.

"తప్పు నాదే అన్నా."

"ఔ, నీదే." ఆవు వైపు తిరిగాడు. "పిచ్చిదంటా ఉండారంట కదా. నన్ను కూడా అంటానే ఉండారు, పదేండ్లుగా. అలవాటైపోతుంది లే."

"నాకు అలవాటు కాకూడదన్నా."

ఆయన ఆవు మెడ ఒకసారి తట్టాడు. పోయాడు.

జూన్‌లో ఇస్కూళ్ళు తెరిచారు. పిల్ల చదువుతోందా లేదా అని కృష్ణగిరినుంచి అప్పుడప్పుడు ఫోను చేస్తుండటంతో కేశవప్ప నేత్రను బాగలూరులో ప్లస్ వన్‌లో, అంటే పదకొండో తరగతిలో చేర్పించాడు. మొదటి దినం. ఊరి ఆడపిల్లలంతా ఒక గుంపుగా ముందు పోయారు. నేత్ర ఎడంగా, ఒంటరిగా బయలుదేరింది. మునిలక్ష్మమ్మ చేతిలో పని వదిలేసి వెనకే పోయింది. గుడి ముందు ఆ మధ్యాహ్నం తర్వాత వాళ్ళిద్దరూ సరిగ్గా మాట్లాడుకున్నది లేదు. పిల్ల ఆమె వైపు చూసేది, తల తిప్పుకునేది.

రోడ్డు మీదికి వచ్చాక నేత్ర అడిగింది. "పెద్దమ్మా, నీకు నిజంగా గాలి సోకిందా?"

"లేదు."

"తెలిసే చేసినావా?"

"తెలిసే చేసినాను."

నేత్ర బ్యాగు పట్టీ సర్దుకుంటూ కొంతదూరం నడిచింది. "నన్ను ఒక మాట అడిగుండొచ్చు కదా. అమ్మ అడగలే. నాయన అడగలే. నువ్వు కూడా అడగలే."

మునిలక్ష్మమ్మ నెలరోజులుగా తనకు తాను చెప్పుకున్న మాటలన్నీ వెతికింది. వాటిలో దీనికి జవాబు లేదు. ఆ పిల్లకు ఉగ్గు పెట్టేటప్పుడు అడిగి పెట్టిందా? అట్లాగే ఇదీ చేసేసింది.

"అడిగుంటే ఏమని ఉందువు?"

"తెలీదు." నేత్ర నిజంగానే ఆలోచించింది. "అప్పుడు ఏమని ఉందునో తెలీదు. ఇప్పుడైతే తెలుసు."

బస్సు వచ్చింది. ముందు గుంపు ఎక్కేసింది. నేత్ర చివర ఎక్కి కిటికీ పక్కన చోటు చూసుకుంది. మునిలక్ష్మమ్మ కిటికీ కిందికి పోయి నిలబడింది, చెయ్యి ఎత్తాలో వద్దో తెలియక. బస్సు కదులుతుండగా నేత్ర వంగి అంది, "సాయంత్రం బస్సు కాడికి రావద్దు పెద్దమ్మా. నేనే నడిచి వస్తాను."

కోపంతో అందో, ప్రేమతో అందో ఆ గొంతులో తెలియలేదు. దుమ్ము అణిగేదాకా మునిలక్ష్మమ్మ అక్కడే ఉంది. తర్వాత ఇంటి దారి పట్టింది. సగం దూరం వచ్చేసరికి రోజా తోటల వ్యాను ఎదురొచ్చి పక్కన ఆగింది. దుర్గాదేవి తల బయటికి పెట్టి, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు ఒక్కో మాటా విడదీసి అడిగింది.

"అక్కా... మాత్రలు... ఏసుకున్నావా?"

"నాకు చెవులు బాగానే వినిపిస్తాయి దుర్గా" అంది మునిలక్ష్మమ్మ. "మెల్లగా అడిగినా చెప్తాను."

వ్యానులో ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరు నవ్వారో, ఎవరిని చూసి నవ్వారో ఆమె చూడలేదు. ఇంట్లో ఆవులు అరుస్తుంటాయి, నీళ్ళు పెట్టాలి. ఆమె వడివడిగా నడిచింది.